రెండెకరాలమ్మి ఇరవై నాలుగు గజాలా?

దసరాకు ఊరికి పోయిన. జనగామ దాటి లోపలికి పోతే మా ఊరు. అక్కా బావలు అరుగు మీద కూసున్నరు. వాళ్ల ముందట పట్టాదారు పాసుపుస్తకం. పండుగ పూట పాసుపుస్తకం పెట్టెలకెళ్లి బయటికి ఎందుకొచ్చిందా అనుకున్న. "అమ్ముదామనుకుంటున్నం తమ్మీ" అన్నది అక్క. రెండెకరాలు. బోర్ల మీద బోర్లు వేసి, అప్పులు తెచ్చి, తీర్చి, కాపాడుకున్న రెండెకరాలు. దేనికి? గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ కొలువు చేస్తున్న కొడుకుకు ఫ్లాట్ కొనడానికి.

మా అల్లుడు కొండాపూర్‌లో కిరాయికి ఉంటడు. వానికి ఆ ఇంట్లో ఏ బాధా లేదు. బాధంతా బయట ఉన్నది. ఆఫీసులో అడుగుతరు, పెండ్లిలో అడుగుతరు, ఆఖరికి చాయ్ బండి కాడ అడుగుతరు: "ఇంకా కిరాయేనా?" పిల్లనిచ్చేటోళ్లు జీతం తర్వాత అడిగేది అదే. కిరాయికి ఉండుడు ఏదో నేరం అయినట్టు, నెలనెలా పైసలు మోరీలో పోసినట్టు మాట్లాడుతరు. ఆ మాటలు పడలేక వాడు ఒక ఏజెంట్‌ను పట్టుకున్నడు. కొల్లూరు దిక్కు ప్రీ లాంచ్ అట. మొత్తం పైసలు ఒక్కసారే కడితే సగం ధర అట. "మామా, ఏం చేద్దాం?" అని నన్ను అడిగిండు.

ఇది మా అక్క ఇంటి ముచ్చటే అయితే ఈ పేజీకి ఎక్కించేది కాదు. వరంగల్‌లో, కరీంనగర్‌లో, నల్లగొండలో, పాలమూరులో ఎన్ని అరుగుల మీద ఇదే పాసుపుస్తకం బయటికొచ్చిందో మీకు తెల్వంది కాదు. భూమి కోసం, కొలువు కోసం కొట్లాడిన జాతి మనది. ఆ కొలువు వచ్చినంక, ఉన్న భూమి అమ్మి గాలిలో గది కొంటున్నం. కొనాల్నా, కిరాయికి ఉండాల్నా అన్నది ఇంట్లో తేల్చుకునే లెక్కనే. కానీ ఆ లెక్కలో వేసే అంకెలు ఎవరు రాస్తున్నరో తెల్వకుండ లెక్క చేస్తే తప్పు జవాబే వస్తది.

ముందు పైసల లెక్క

ప్రీ లాంచ్ సంగతి పక్కన పెడుదాం. అన్ని కాగితాలు సక్కగున్న ఫ్లాటే అనుకుందాం. ధర కోటీ ఇరవై లక్షలు. బ్యాంకు తొంభై లక్షలు ఇచ్చింది. ముప్పై లక్షలు చేతికెళ్లి పెట్టాలె. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం, అంటే తొమ్మిది లక్షలు. కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ అయితే ఐదు శాతం జీఎస్టీ, ఆరు లక్షలు. మొత్తం నలభై ఐదు లక్షలు ముందే పోయినయ్. కప్‌బోర్డులు, కార్ పార్కింగ్, క్లబ్‌హౌస్, కార్పస్ ఫండ్ నేను లెక్కలో వెయ్యలేదు. ఆ నలభై ఐదు లక్షలు ఎక్కడివి? ఇరవై తొమ్మిదేండ్ల పోరని కాడ ఎక్కడుంటయ్? అవి అక్కా బావల రెండెకరాలు.

ఇగ లోను. తొంభై లక్షలకు ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏండ్లు. నెలకు 78,104 రూపాయల ఈఎంఐ. మొదటి నెల కట్టిన దాంట్లో వడ్డీ 63,750. అసలుకు పోయేది 14,354. ఇరవై ఏండ్లు కడితే కోటీ ఎనభై ఏడు లక్షలు. తొంభై తీసుకొని తొంభై ఏడు లక్షలు వడ్డీ కట్టినట్టు. "కిరాయి కడితే పైసలు పోతయ్, ఈఎంఐ కడితే ఇల్లు మిగుల్తది" అంటరు కదా? మొదటి నెల పోయిన ఆ 63,750 ఎవరి కిరాయి? బ్యాంకు కిరాయి. ఇంటికి కిరాయి ఇచ్చే బదులు పైసలకు కిరాయి ఇస్తున్నవు, అంతే తేడా. పన్ను మినహాయింపు ఉన్నది కదా అంటవా? పాత విధానంలో ఏడాదికి రెండు లక్షల వడ్డీ దాక ఉన్నది. కొత్త విధానంలో సొంతంగ ఉండే ఇంటికి అది సుత లేదు.

అసొంటి ఫ్లాటే కిరాయికి ముప్పై ఐదు వేలకు దొరికిందనుకో. నెలకు నలభై మూడు వేలు మిగుల్తయ్. కానీ నిజం చెప్పుకోవాలె. కిరాయి అక్కడ్నే ఆగదు. ఏడాదికి ఏడు శాతం పెరిగితే పన్నెండేండ్లకు అది ఈఎంఐని అందుకుంటది, ఆ తర్వాత దాటిపోతది. మిగిలిన నలభై మూడు వేలు దాచుకోకుండ ఫోన్ల మీద, కార్ల మీద పెట్టినోడు చివరికి రెండు దిక్కులా చెడుతడు. అందుకే కొనుడు తప్పు అని నేను అంటలేను. పన్నెండేండ్లు ఇదే ఊర్లో, ఇదే జీతంతో ఉంటననే నమ్మకం ఉన్నోడు కొనొచ్చు. ఆ నమ్మకం ఎంతమందికి ఉన్నది? 2025 జులైలో టీసీఎస్ లాంటి కంపెనీ పన్నెండు వేల దాక కొలువులు తీసేస్తమని చెప్పింది. కిరాయి ఇంట్లో ఉన్నోడు కొలువు పోతే చిన్న ఇంటికి మారుతడు. ఈఎంఐ మెడకు ఉన్నోడు ఎక్కడికి మారుతడు? మేనేజర్ ఏమన్నా నోరు మూసుకునేటట్టు చేసేది సగం ఈ ఈఎంఐనే.

ఎన్ని గజాలు?

ఊర్లో మనం భూమిని ఎకరాలు, గుంటలతో కొలుస్తం. ఇక్కడ చదరపు అడుగులతో కొలుస్తరు. పద్దెనిమిది వందల అడుగులు అంటే మస్తు పెద్దగ వినబడ్తది. గోడలు, లిఫ్టు, మెట్లు, నడిచే తొవ్వ అన్నీ అండ్లనే కలుపుతరు. అది పోనీ. అడగాల్సిన అసలు మాట వేరే ఉన్నది: నా పేరు మీద భూమి ఎంత? దాన్ని అవిభాజ్య వాటా అంటరు, బిల్డర్ల భాషలో యూడీఎస్.

2006 మార్చిలో వచ్చిన జీవో 86 హైదరాబాద్‌లో ఎకరానికి ఎంత కట్టాలనే ఎఫ్ఎస్ఐ హద్దును తీసేసింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన జాగ సరిపోతే పైకి లేపుకుంట పోవచ్చు. అందుకే కోకాపేటలో, నార్సింగిలో, పుప్పాలగూడలో ముప్పై, నలభై, యాభై అంతస్తులు లేస్తున్నయ్. ఐదెకరాల జాగలో వెయ్యి ఫ్లాట్లు కట్టిన్రు అనుకుందాం. ఎకరానికి 4,840 గజాలు. ఐదెకరాలకు 24,200. వెయ్యి మందికి పంచితే తలా ఇరవై నాలుగు గజాలు. మా అక్క అమ్మబోయే రెండెకరాలు 9,680 గజాలు. అంత భూమి ఇచ్చి, పైన తొంభై లక్షల అప్పు తెచ్చి, చేతికొచ్చేది ఇరవై నాలుగు గజాలు. అది సుత ఎక్కడున్నదో చూపెట్టలేని ఇరవై నాలుగు గజాలు.

జనగామ గజం, కోకాపేట గజం ఒకటేనా అని అడగొచ్చు. ధరలో ఒకటి కాదు. కానీ కట్టడం ఏడాదేడాదికి పాతవడ్తది, భూమి పాతవడదు. ముప్పై ఏండ్లకు పైపులు కారి, లిఫ్టులు ఆగి, గోడలు పెచ్చులూడినంక మిగిలేది ఆ భూమి వాటానే. అప్పుడు యాభై అంతస్తుల వెయ్యి మంది ఒక్క మాట మీదికి వచ్చి కూలగొట్టి కట్టుకుంటరా? మన అపార్టుమెంట్ సంఘాలు నీళ్ల ట్యాంకర్ బిల్లు మీదనే ఒక్క మాట మీదికి రావు.

ధర పెంచేది ఎవరు?

1998 నవంబర్ 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిండు. అంతకుముందు అది గుట్టలు, చెల్కలు ఉన్న జాగ. తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడ, మణికొండ భూములు ఎట్ల చేతులు మారినయో, ఎవరికి చవకగ పోయినయో ఉద్యమకాలంలో మనం గొంతు చించుకొని చెప్పినం. 2006లో హుడా కోకాపేటలో వేలం పెడితే ఎకరం పద్నాలుగు కోట్ల దాక పలికింది. సర్కారే రియల్ ఎస్టేట్ వ్యాపారం చేస్తదా అని అడిగినం. మన రాష్ట్రం మనకొస్తే మన భూమి మన పిల్లల ఇండ్లకు, బడులకు, దవాఖానలకు అన్నం.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. వేలం ఆగిందా? 2023 ఆగస్టులో అదే కోకాపేటలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. గజానికి రెండు లక్షల ఎనిమిది వేలు. అప్పటి సర్కారు దాన్ని ఘనతగ చెప్పుకున్నది. సర్కారు మారింది. 2025 అక్టోబర్‌లో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లు. గజానికి మూడు లక్షల అరవై ఐదు వేలు. పార్టీ మారింది గానీ వేలం పాట మారలేదు.

ఎకరం 177 కోట్లు పలికిన నాడు టీవీలో చూసి మురిసిపోయినోళ్లు మనలోనే ఉన్నరు. ఆ పైసలు ఎవరి జేబుకెళ్లి వస్తయ్? బిల్డర్ తన ఇంటికెళ్లి తెస్తడా? అండ్ల కట్టేదాన్ని కొనేటోని కాడ, కిరాయికి ఉండేటోని కాడ వసూలు చేస్తడు. అంతటితోని అయిపోదు. పక్క జాగ వాడు, ఆ పక్క ఊరి వాడు, తెల్లాపూర్ వాడు, కొల్లూరు వాడు అదే ధర చూపెట్టి తన ధర పెంచుతడు. వేలం పాట పాడేది సర్కారు, బాకీ కట్టేది నువ్వు. ఖజానాకు ఒక్కసారి పైసలు, నీకు ఇరవై ఏండ్ల ఈఎంఐ.

దీనికి ఎదురు నిలిచినోళ్లు ఉన్నరు. 2025 మార్చి, ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల మీదికి బుల్డోజర్లు వస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డం తిరిగిన్రు. లాఠీలు తిన్నరు, కేసులు మోసిన్రు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమన్నది. 1973 నాటి ఆరు సూత్రాల పథకంతోని మన గడ్డకు వచ్చిన యూనివర్సిటీ అది. ఆ పిల్లలు కాపాడింది చెట్లను, జింకలను మాత్రమే కాదు. భూమిని వేలం సరుకుగ చూడొద్దనే మాటను కాపాడిన్రు. ఫ్లాట్ ధర పెరిగిందని ఏడ్చే ఉద్యోగి ఆ నాడు ఆ పిల్లల పక్కన నిలబడాల్సి ఉండె.

అప్పుడు భయం, ఇప్పుడు ఆశ

యాదికి తెచ్చుకోండ్రి. 2009, 2010లో ఏమన్నరు? "తెలంగాణ వస్తే ఫ్లాట్ల ధరలు పడిపోతయ్, ఐటీ కంపెనీలు పోతయ్" అన్నరు. భయం అమ్మిన్రు. ఏదీ పోలేదు. ఇప్పుడు "ఇయ్యాల కొనకపోతే రేపు కొనలేవు" అంటున్నరు. ఇది ఆశ రూపంలో ఉన్న అదే భయం. తొందరపెట్టి సంతకం పెట్టించుడే రెండింటి పని.

2014లో కొన్నోడు బాగుపడలేదా? పడ్డడు. ఆ ముచ్చటే ఏజెంట్ చెప్తడు. 2008 ఆర్థిక సంక్షోభం ముంగట కొని, ధర లేవక ఏండ్లకేండ్లు ఎదురు చూసినోని ముచ్చట చెప్పడు. బాచుపల్లి మేటాస్ హిల్ కౌంటీ సంగతి చెప్పడు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడంగనే అక్కడ పనులు ఆగినయ్. కొన్నోళ్లు ఒక దిక్కు ఈఎంఐ, ఒక దిక్కు కిరాయి కట్టుకుంట తిరిగిన్రు. ఆదుకోవడానికి వచ్చిన ఐఎల్అండ్ఎఫ్ఎస్ 2018లో తనే కూలబడ్డది. మణికొండలో ల్యాంకో హిల్స్ జాగ వక్ఫ్‌దా, సర్కారుదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాక పోయి, 2022 ఫిబ్రవరిలో గానీ సర్కారుదని తేలలేదు. అంతదాక కొన్నోళ్లు కోర్టు వాయిదాలు లెక్కపెట్టుకుంట కాపురం చేసిన్రు. మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో గురుకుల్ ట్రస్టు భూమిలో కట్టిన్రని 2014 జూన్‌లో జీహెచ్ఎంసీ గోడలు కూలగొట్టింది. 2024 జులైలో హైడ్రా వచ్చినంక చెరువు జాగ అంటే ఏందో అందరికీ తెలిసింది. పర్మిషన్ కాగితం చేతిలో ఉన్నా, భూమి చెరువుదైతే గోడ నిలుస్తదనే ధీమా లేదు.

ఇగ ప్రీ లాంచ్. 2022 డిసెంబర్‌లో సాహితీ ఇన్‌ఫ్రాటెక్ అధినేతను అరెస్టు చేసిన్రు. అమీన్‌పూర్‌లో ఇండ్లిస్తమని ముందే పైసలు వసూలు చేసిన్రన్నది కేసు. రెరా చట్టం ఏమంటది? రిజిస్ట్రేషన్ లేకుండ ఒక్క ఫ్లాట్ అమ్మొద్దు, అమ్ముతమని ప్రచారం సుత చెయ్యొద్దు. రిజిస్టర్ అయిన ఒప్పందం లేకుండ ధరలో పది శాతం కంటే ఎక్కువ తీసుకోవద్దు. కొన్నోళ్లు కట్టిన దాంట్లో డెబ్బై శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలె. మరి "మొత్తం ఒక్కసారే కట్టు" అనేటోడు ఎవరు? చట్టాన్ని మొదటి రోజే తొక్కినోడు. వాడు చివరి రోజు నీకు తాళంచెవి ఇస్తడని ఎట్ల నమ్ముతవు?

కిరాయిదారు మనిషి కాదా?

ఇంత తెలిసీ జనం ఎందుకు కొంటున్నరు? ఆశతోని మాత్రమే కాదు. కిరాయి ఇంట్లో ఇజ్జత్ లేదు కాబట్టి. "ఏం కులం?" "మాంసం తింటరా?" "పెండ్లి అయ్యిందా?" "సుట్టాలు ఎక్కువ వస్తరా?" ముస్లిం పేరు చెప్తే ఖాళీ ఉన్న ఇల్లు సుత నిండిపోతది. దసరా నాడు యాట కోసే మన ఊర్లకెళ్లి వచ్చిన పోరలు మన రాజధానిలోనే కూర వాసన బయటికి రాకుండ కిటికీలు మూసుకుంటున్నరు. పదకొండు నెలల కాగితం. పన్నెండో నెల ఎంత పెంచుతడో ఆయన ఇష్టం. పోయేటప్పుడు సున్నం పేరు చెప్పి అడ్వాన్స్‌లో కోత.

చట్టం లేదా? ఉన్నది. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం. 2005లో దాన్ని సవరించి, నగరపాలక సంస్థల పరిధిలో నెల కిరాయి 3,500 దాటిన ఇంటికి అది వర్తించదన్నరు. ఇయ్యాల మాదాపూర్‌లో 3,500కు హాస్టల్‌లో మంచం సుత దొరకదు. అంటే చట్టం పుస్తకంలో ఉన్నది, కిరాయిదారు బజారులో ఉన్నడు. 2021లో కేంద్రం ఒక నమూనా చట్టం ఇచ్చింది: అడ్వాన్స్ రెండు నెలల కిరాయి దాటొద్దు, కాగితం తప్పనిసరి, తగాదాకు వేరే అధికారి. దాని మీద మన అసెంబ్లీలో ఎంతసేపు మాట్లాడిన్రు? కిరాయిదారుకు ఓటు బ్యాంకు లేదు, సంఘం లేదు. జర్మనీలో సగం మందికి పైగ కిరాయి ఇండ్లలోనే ఉంటరు. వాళ్లను ఎవరూ చేతగానోళ్లు అనరు, ఎందుకంటే అక్కడ ఇష్టమొచ్చినట్టు ఎళ్లగొట్టే హక్కు ఓనర్‌కు లేదు.

ఇండ్లు కట్టుడు సర్కారుతోని కాదంటరా? 1908 మూసీ వరద తర్వాత, 1912లో పుట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నిజాం కాలంలోనే ఇండ్లు కట్టింది. కూకట్‌పల్లిలో హౌసింగ్ బోర్డు కాలనీనే కట్టిన్రు. 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 డబుల్ బెడ్రూం ఇండ్లు ప్రారంభం అయినయ్. అదే కొల్లూరు, మా అల్లునికి ప్రీ లాంచ్ అమ్మజూపిన దిక్కే. కట్టొచ్చని తేలింది. మరి రాయదుర్గంలో ఎకరం అమ్మే ముందు, ఐటీ కారిడార్‌లో పనిచేసే చిన్న ఉద్యోగికి, క్యాబ్ డ్రైవర్‌కు, హౌస్‌కీపింగ్ అక్కకు సర్కారీ కిరాయి ఇల్లు కట్టడానికి పదెకరాలు పక్కన పెట్టడానికి ఏమడ్డం వచ్చింది?

మేం చేసింది

పండుగ అయినంక అల్లుడు, నేను ఆ ఏజెంట్ ఆఫీసుకు పోయినం. రెరా నంబర్ అడిగినం. "ప్రాసెస్‌లో ఉన్నది సార్" అన్నడు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ అడిగినం. "అడ్వాన్స్ కట్టినంక ఇస్తం" అన్నడు. సర్వే నంబర్ 22ఏ నిషేధిత జాబితాలో ఉన్నదా, చెరువు ఎఫ్‌టీఎల్‌లో ఉన్నదా అని అడిగినం. ఆయన ఫోన్ మోగింది, లేచి బయటికి పోయిండు. భూమి వాటా ఎన్ని గజాలు అని అడిగితే ఆయన కింద పనిచేసే పోరడు నవ్విండు. "అది ఎవరూ అడగరు సార్" అన్నడు.

అందుకే అడగండ్రి. కొనాలనుకుంటే కొనండ్రి, కానీ ఓసీ వచ్చిన ఇల్లు కొనండ్రి. ఇంటికొచ్చే జీతంలో మూడో వంతు దాటే ఈఎంఐకి సంతకం పెట్టకండ్రి. అమ్మా నాయిన భూమి అమ్మి కొనకండ్రి. కిరాయికి ఉంటే తలెత్తుకొని ఉండండ్రి, మిగిలింది దాచుకోండ్రి. గేటెడ్ కమ్యూనిటీలో ఓనర్ల సంఘం ఉన్నట్టు కిరాయిదార్ల సంఘం పెట్టండ్రి. సర్కారును రెండే అడుగుదాం: ఐటీ కారిడార్‌లో మిగిలిన భూమి వేలం ఆపి కిరాయి ఇండ్లు కట్టాలె. 3,500 హద్దు లేని, కులం, మతం, కూర అడగనియ్యని కిరాయి చట్టం తేవాలె.

మా అల్లుడు ఇంకా కొండాపూర్‌లో కిరాయికే ఉన్నడు. మొన్న ఫోన్ చేసి, "మామా, ఒక సంబంధం వచ్చింది, సొంతిల్లు ఉన్నదా అని అడిగిన్రు" అన్నడు. "ఏం చెప్పినవ్‌రా?" అన్న. "జనగామ కాడ రెండెకరాలున్నయ్ అని చెప్పిన" అన్నడు. పాసుపుస్తకం మళ్లా పెట్టెలోకి పోయింది.